‘వద్దు’ అనే వీలు పిల్లలకు ఉండాలి

(అమలాపురంలో సైకాలజీ, బీఈడీ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి.

ఇక్కడున్న మీలో చాలామంది త్వరలో ప్రాజెక్టు పని మీద బడులకు వెళ్లబోతున్నారు. కొందరు పరీక్షల టెన్షన్ మీద, కొందరు సెల్‌ఫోన్ అలవాటు మీద, తల్లులు గల్ఫ్‌లో ఉన్న పిల్లల మీద ఇద్దరు ముగ్గురు పని చేస్తున్నారని మీ మేడమ్ గారు చెప్పారు. మంచి విషయాలు. మన డెల్టా పిల్లల మనసు గురించి మనమే తెలుసుకోవాలి, ఎక్కడో తయారైన కొలతలు తెచ్చి వీళ్లకు తగిలించకూడదు. అందుకే ఈ పని జరగాలని కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. మీరు ప్రశ్నల కాగితాలు జిరాక్స్ తీయించే ముందు ఒక్క సంగతి మీతో మాట్లాడాలని వచ్చాను. మీ ఎదురుగా కూర్చున్న పిల్ల ‘నేను చెయ్యనండి’ అనగలదా? అంటే ఏమవుతుందని ఆ పిల్ల అనుకుంటోంది? నా దృష్టిలో పరిశోధన నీతి అంతా ఈ ప్రశ్న చుట్టూనే ఉంది.

తరగతిలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. హెడ్‌మాస్టర్ గారు మిమ్మల్ని వెంటబెట్టుకుని వస్తారు. పిల్లలంతా లేచి నిలబడతారు. ‘వీళ్లు అమలాపురం నుంచి వచ్చారు, అడిగినవాటికి చక్కగా జవాబులు రాయండి’ అని ఆయన చెప్పి వెళ్లిపోతారు. మీరు ఎంతో మర్యాదగా ‘మీకిష్టమైతేనే రాయండమ్మా’ అంటారు. ‘ఆయ్’ అని తరగతంతా పెన్నులు తీస్తుంది. ఒక్కరు కూడా కాదనరు. మన రిపోర్టులో ‘విద్యార్థులందరూ స్వచ్ఛందంగా పాల్గొన్నారు’ అని రాసుకుంటాం. అబద్ధం రాయాలని ఎవరికీ ఉండదు. కానీ అక్కడ జరిగింది స్వచ్ఛందం కాదు, బడిలో పెద్దవాళ్లు చెప్పింది చేయడం.

పిల్లలు పెద్దవాళ్ల మాటను ఎలా తీసుకుంటారో సైకాలజీయే మనకు చెప్పింది. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించిన సైకాలజిస్టు పియాజే ప్రయోగం మీరు చదివే ఉంటారు. రెండు వరసల్లో సమానంగా గవ్వలు పేర్చి ‘రెండూ సమానమేనా’ అని అడుగుతారు. సమానమేనంటాడు పిల్లవాడు. ఒక వరసను సాగదీసి మళ్లీ అదే ప్రశ్న అడుగుతారు. ఈసారి పొడుగు వరసలో ఎక్కువున్నాయంటాడు. 1974లో రోజ్, బ్లాంక్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్న మార్పు చేశారు. మొదటి ప్రశ్న మానేసి, సాగదీసిన తరవాత ఒక్కసారే అడిగారు. ఆరేళ్ల పిల్లల తప్పులు తగ్గాయి. పెద్దవాళ్లు అడిగిందే మళ్లీ అడిగారంటే మొదట చెప్పింది తప్పై ఉంటుందని పిల్లలు అర్థం చేసుకుంటున్నారన్నమాట.

ఈ సంగతిని మీ ఫీల్డువర్క్‌లో పెట్టి చూడండి. ఒక పాప ‘వద్దండి’ అంది. మీరు నవ్వుతూ ‘ఏం కాదమ్మా, ఐదు నిమిషాలే, చేసేద్దామా?’ అన్నారు. సరేనంది. మీరు బతిమాలానని అనుకున్నారు. ఆ పాపకు మాత్రం తన మొదటి జవాబు తప్పని వినిపించింది. అందుకని ‘వద్దు’ అన్న పిల్లను రెండోసారి అడగకండి. తల అడ్డంగా ఊపినా, కాగితం ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నా, కళ్లు కిందికి వాల్చి మాట్లాడకపోయినా అదే జవాబు కింద తీసుకోండి.

చరిత్రలోకి వస్తాను. పరీక్షలో అడుగుతారు కాబట్టి చిన్నారి ఆల్బర్ట్ గురించి మీకందరికీ తెలుసు. జాన్ వాట్సన్, రోజాలీ రేనర్ 1920లో అచ్చువేసిన ప్రయోగం. పదకొండు నెలల బిడ్డ తెల్ల ఎలుకను ముట్టుకోబోయినప్పుడల్లా వెనక ఇనుప కడ్డీని సుత్తితో కొట్టారు. కొన్నాళ్లకు చప్పుడు లేకపోయినా ఎలుకను చూస్తేనే ఏడవడం మొదలుపెట్టాడు. ఆ భయం పోగొట్టకుండానే బిడ్డను పంపేశారు. ఇంతవరకు మనం క్లాసులో చెప్పుకుంటాం. చెప్పుకోనిది ఒకటుంది. ఆ బిడ్డ తల్లి ప్రయోగం జరిగిన ఆస్పత్రిలోనే వేరేవాళ్ల పిల్లలకు పాలిచ్చే పనిలో ఉండేది. పనిచేసే చోట పెద్ద డాక్టర్లూ ప్రొఫెసర్లూ బిడ్డను తీసుకెళ్తామంటే ఆవిడ ఏమనగలదు? నాకు ఆ కడ్డీ చప్పుడు కంటే ఈ సంగతే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

తర్వాత నాలుగేళ్లకు, 1924లో, మేరీ కవర్ జోన్స్ ఇంకో పిల్లవాడితో పనిచేశారు. పీటర్ అనే ఆ మూడేళ్లవాడికి కుందేలంటే భయం. ఇష్టమైన తినుబండారం పెడుతూ, కుందేలును కొద్దికొద్దిగా దగ్గరికి తెస్తూ ఆ భయం పోగొట్టారు. భయం గురించి తెలుసుకోవడానికి భయపెట్టి వదిలేయడం ఒక్కటే దారి కాదని ఆవిడ అప్పుడే చూపించారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆల్బర్ట్‌కు ఒక పేజీ, ఆవిడకు రెండు వాక్యాలు ఉండటం న్యాయం కాదు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాల్సింది అయోవా సంగతి. 1939లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో వెండెల్ జాన్సన్ అనే ప్రొఫెసర్ ఉండేవారు. చిన్నప్పటి నుంచి నత్తితో బాధపడ్డ మనిషి. పిల్లల మాటకు పెద్దవాళ్లు వంకలు పెట్టడం వల్లే నత్తి మొదలవుతుందేమోనని ఆయన ఆలోచన. దాన్ని పరీక్షించే పని మేరీ ట్యూడర్ అనే తన విద్యార్థినికి ఇచ్చారు. మీలాగే పీజీ చదువుతున్న అమ్మాయి, మీలాగే డిగ్రీ కోసం థీసిస్ రాయాలి. డావెన్‌పోర్ట్ అనే ఊళ్లోని అనాథ శరణాలయం నుంచి 22 మంది పిల్లలను ఎంచుకున్నారు. అందులో మాట చక్కగా వచ్చే ఆరుగురితో నెలల తరబడి చెబుతూ వచ్చారు: నీకు నత్తి మొదలవుతోంది, సరిగ్గా మాట్లాడలేనప్పుడు అసలు మాట్లాడకు. ఎందుకు చెబుతున్నారో పిల్లలకు తెలియదు. శరణాలయంలో వాళ్లను చూసుకునే ఆడవాళ్లకూ తెలియదు.

ఆ పిల్లలకు నిజంగా నత్తి వచ్చిందా లేదా అన్నదాని మీద నిపుణుల మధ్య ఇప్పటికీ వాదన ఉంది. కానీ వాళ్లు మాట తగ్గించేశారు, అందరి ముందూ సిగ్గుతో ముడుచుకుపోయారు. ఆ సంగతి ట్యూడర్ రాతలోనే ఉంది. తరవాత ఆవిడ మళ్లీ వెళ్లి, మీ మాట బాగానే ఉందని పిల్లలకు నచ్చజెప్పే ప్రయత్నం చేశారు. అప్పటికే ఆలస్యమైంది. ఆ థీసిస్ అచ్చు కాకుండా లైబ్రరీలో ఉండిపోయింది. 2001లో ఒక పత్రిక బయటపెట్టాక విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. 2007లో అయోవా రాష్ట్రం బాధితుల పక్షానికి 9,25,000 డాలర్లు ఇచ్చి కేసు పరిష్కరించుకుంది. తమ చిన్నతనంలో ఏం జరిగిందో ఆ పిల్లలకు అరవై రెండేళ్ల తరవాత, ముసలివాళ్లయ్యాక తెలిసింది.

ఆ శరణాలయానికే ఎందుకు వెళ్లారు? అడ్డుపడే అమ్మానాన్నలు అక్కడ లేరు. ఒక సంస్థ ఒప్పుకుంటే పిల్లలందరూ దొరికారు. ఇదెక్కడో అమెరికా సంగతిలే అనుకోకండి. మన గోదావరికి ఎగువన, అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు, 2009లో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే టీకా, వేసే అధ్యయనం నడిచింది. అది సైకాలజీ కాదు, వైద్యం. అయినా మీరు తెలుసుకోవాలి. చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉండే పిల్లలు. గొడవ రేగి 2010లో దాన్ని ఆపేశారు. తరవాత విచారణలో బయటపడింది ఏమిటంటే, చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. తల్లిదండ్రులు ఊళ్లో బతికే ఉన్నారు. వాళ్లను అడగలేదు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

మన దగ్గర గురుకులాలున్నాయి, సంక్షేమ హాస్టళ్లున్నాయి, రెసిడెన్షియల్ కాలేజీలున్నాయి. పరిశోధన చేసేవాళ్లకు అవి ఎంత వీలో నాకు తెలుసు. ఒక్క అనుమతితో, ఒక్క రోజులో రెండొందల ఫారాలు నిండుతాయి. ఆ వీలు ఎక్కడి నుంచి వస్తోందో ఆలోచించండి. పిల్లలు కదల్లేని చోట ఉన్నారు కాబట్టే వస్తోంది. అక్కడ పని చేయవద్దనడం లేదు. హాస్టల్లో ఉండే పిల్లల గురించే మీ ప్రశ్న అయితే హాస్టల్‌కే వెళ్లండి. బయట బడిలో కూడా దొరికే జవాబు కోసమైతే, సులువని హాస్టల్‌కు వెళ్లకండి.

నియమాల గురించి త్వరగా చెప్పేస్తాను, ఇవి మీకు నోట్సులో దొరుకుతాయి. మనుషుల మీద చేసే ప్రయోగాల గురించి వచ్చిన 1947 న్యూరెంబర్గ్ నియమావళి, మనిషి స్వచ్ఛందంగా ఒప్పుకోవాలంది. ఇదే విషయం మీద 1964 హెల్సింకి ప్రకటన, 1979 బెల్మాంట్ నివేదిక తరవాత వచ్చాయి. మన దేశంలో ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, 2017లో ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. వాటి ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలి. దానికి తోడు ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలు నోటిమాటగా, ఆపై వయసువాళ్లు రాతపూర్వకంగా తమ ఇష్టం తెలపాలి. మీ కాలేజీ నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) ఒప్పుకోవాలి, విద్యాశాఖ అనుమతి ఇవ్వాలి, హెడ్‌మాస్టర్ సరేననాలి. వీటిలో ఏదీ ఇంకోదానికి బదులు కాదు. జిల్లా విద్యాశాఖ అధికారి (డీఈఓ) ఆఫీసు కాగితం చూపించి తల్లిని అడగడం మానేయకూడదు. తల్లి సంతకం చూపించి పిల్లను అడగడం మానేయకూడదు.

తల్లిదండ్రులను అడగడం అంటే డైరీలో కాగితం పెట్టి పంపి, ‘ఎవరూ వద్దనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే’ అనుకోవడం కాదు. తెల్లారకముందే రొయ్యల ప్లాంటు షిఫ్టుకు వెళ్లే తల్లి, చెరువు మీదే రాత్రి కాపలా పడుకునే తండ్రి ఆ డైరీ తెరిచి చూడరు. సాయంత్రం ఇంటికి వెళ్లండి. తెలుగులో, వాళ్లు మాట్లాడుకునే మాటల్లో చెప్పండి. చదవడం రాని వాళ్లయితే, మీతో సంబంధం లేని ఒక సాక్షిని కూర్చోబెట్టి చదివి వినిపించి, అప్పుడు వేలిముద్ర తీసుకోండి.

గల్ఫ్ తల్లుల పిల్లల మీద పనిచేస్తున్న వాళ్లు ఎవరండీ? చెయ్యెత్తండి. మీ పని అందరికంటే కష్టం. కువైట్‌లో ఇంటిపని చేసుకుంటూ, ఇక్కడ పిల్లల్ని అమ్మమ్మ దగ్గరో, మేనత్త దగ్గరో పెట్టుకున్న తల్లులు కోనసీమలో, పశ్చిమ గోదావరిలో ఎందరో ఉన్నారు. సంతకం ఎవరు పెట్టాలి? రోజూ అన్నం పెట్టి చూసుకునేది అమ్మమ్మ. ఆవిడను తప్పకుండా అడగాలి. తల్లి కూడా ఫోన్లో దొరికే మనిషే కదా. ఆవిణ్ణీ అడగండి. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక, పైగా పని అయ్యేదాకా ఆవిడ చేతికి ఫోన్ రాదు. మనకు రాత్రి చాలా పొద్దుపోతుంది. మీరు ఆగాలి. తన బిడ్డను ఎవరో ఏవో ప్రశ్నలు అడుగుతున్నారని ఆ దూరంలో ఉన్న తల్లికి తరవాత తెలిస్తే ఆమె ఎంత కంగారుపడుతుందో ఊహించుకుంటే, ఒక రాత్రి ఆగడం మనకు పెద్ద శ్రమ కాదు.

ఆ పిల్లల కోసం తయారుచేసుకునే ప్రశ్నలు కూడా చూసుకోండి. ‘అమ్మ నిన్ను వదిలి వెళ్లినందుకు కోపం వస్తుందా?’ ఇలాంటి వాక్యం రాయడం తేలిక. అమ్మ తనను వదిలి వెళ్లిందని ఆ పిల్ల అంతవరకు అనుకుని ఉండకపోవచ్చు. అప్పు తీర్చడానికి, ఇంటికి శ్లాబు వేయించడానికి, తన చదువు కోసం వెళ్లిందనుకుంటోంది. మీ కాగితం వచ్చి కొత్త మాట నేర్పింది. అయోవాలో ఆ ఆరుగురికి జరిగింది కూడా ఇలాంటిదే. వాళ్ల గురించి వాళ్లకే ఒక మాట చెప్పారు, పిల్లలు అది నమ్మారు. ప్రశ్న కూడా విత్తనం లాంటిదే, పడ్డచోట మొలుస్తుంది. ‘అమ్మతో ఎప్పుడెప్పుడు మాట్లాడతావు? ఏం మాట్లాడుకుంటారు?’ అని అడిగితే కోపం ఉంటే కోపమూ, గర్వం ఉంటే గర్వమూ ఆ పిల్లే చెబుతుంది.

ప్రమాదాలు జరిగిన చోట్ల ఇంకా జాగ్రత్త కావాలి. 1996 నవంబరు తుఫాను, 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలుడు, 2022 జూలై వరదలు, ఇవన్నీ మన ఇళ్లలో మాట్లాడుకునే సంగతులు. ఇలాంటివి జరిగాక పిల్లల మనసు గురించి తెలుసుకోవాలన్న తపన మంచిదే. కానీ చనిపోయినవాళ్ల గురించి అడిగి, పిల్ల ఏడిస్తే ఫారం మడతపెట్టుకుని ఆటో ఎక్కేయడం ఉండకూడదు. ఏడిస్తే ఎవరు కూర్చుంటారు? కౌన్సెలింగ్ తెలిసిన మనిషి ఆ రోజు బడిలో ఉంటారా? లేకపోతే ఆ ప్రశ్న ఆ రోజు అడగకండి.

డిప్రెషన్ కొలతలు వాడేవాళ్లకు ఒక మాట. చాలా ప్రశ్నావళుల్లో చనిపోవాలనిపించడం గురించి ఒక ప్రశ్న ఉంటుంది. మనం ఫారాలన్నీ కట్టకట్టి తెచ్చి, వీలైనప్పుడు కంప్యూటర్లో ఎక్కిస్తాం. ఆ వరసలో ఒక పిల్లవాడు టిక్కు పెట్టి ఉంటాడు. వాడు రాసింది మీకు చెప్పాననుకుంటున్నాడు. ఎవరూ రాలేదు. దయచేసి ఆ ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబులు బడి గేటు దాటే ముందే చూడండి. ఎవరైనా అలా రాస్తే అదే రోజు ఇంట్లోవాళ్లతో, నమ్మకమైన టీచర్‌తో మాట్లాడాలి. మానసిక సమస్యలకు సాయం చేసే టెలీ మానస్ నంబరు 14416, పిల్లల సహాయ నంబరు 1098. ఇవి మీ దగ్గర ఉంచుకుంటే చాలదు, ప్రతి పిల్లకూ కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇందాక ఒక అమ్మాయి చీటీ పంపింది: ‘పిల్లలకు రహస్యంగా ఉంచుతామని మాట ఇవ్వవచ్చా?’ పూర్తిగా ఇవ్వకూడదమ్మా. లైంగిక హింస జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం, 2012 ప్రకారం మీరైనా నేనైనా ఫిర్యాదు చేసి తీరాలి. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇచ్చి, తరవాత చెబితే ఆ పిల్ల ఇంకెవరికీ నోరు విప్పదు. మొదలుపెట్టేటప్పుడే చెప్పండి: ‘నువ్వు రాసింది మీ సార్లకూ, ఇంట్లోవాళ్లకూ చూపించను. కానీ నిన్ను ఎవరైనా బాధపెడుతున్నారని తెలిస్తే మాత్రం సాయం చేసేవాళ్లకు చెప్తాను.’

పేర్లు తీసేస్తే గోప్యత వచ్చేసిందనుకోవద్దు. ‘ఒక లంక గ్రామంలో ఏడో తరగతి బాలిక, తల్లి కువైట్‌లో, తండ్రి పడవ నడుపుతాడు’ అని రాశారనుకోండి. రేవు దగ్గర టీ కొట్టులో ఎవరినడిగినా ఏ ఇల్లో చూపిస్తారు. ఊరు మార్చండి, తరగతి తీసేయండి, తండ్రి పని తీసేయండి. మీ రాతకు కాస్త రంగు తగ్గుతుంది, ఫరవాలేదు.

పిల్లలకు అబద్ధం చెప్పి చేసే ప్రయోగాల మీద నా అభిప్రాయం కఠినంగానే ఉంటుంది. పిల్లలు మిఠాయి కోసం ఎంతసేపు ఆగుతారో చూసే పరీక్ష విన్నారు కదా. 2013లో సెలెస్ట్ కిడ్, ఆవిడ సహచరులు దానికి ముందు ఒక దశ చేర్చారు. కొందరు పిల్లలకు మంచి బొమ్మలేసే సామాను తెస్తామని చెప్పి తెచ్చిచ్చారు, కొందరికి చెప్పి తేలేదు. మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగారు, మాట తప్పిన మనిషి దగ్గర మూడు నిమిషాలు. ఒక్క పెద్దమనిషి మాట తప్పితే కొద్దిసేపట్లోనే పిల్లల తీరు అంత మారింది. అందుకని పెన్ను ఇస్తామంటే ఇవ్వండి. పాల్గొననని చెప్పిన పిల్లకూ ఇవ్వండి, అందరికీ ముందే ఆ సంగతి చెప్పండి. కావాలని కష్టమైన లెక్క ఇచ్చి ఓడించే పరీక్ష అయితే, చివర్లో వాళ్లు చేయగలిగిన లెక్క ఇచ్చి, మొదటిది ఎవరూ చేయలేనిదని విప్పి చెప్పి పంపండి.

ఇంత జాగ్రత్తగా కూడా పెద్ద పని చేయవచ్చు. రొమేనియాలో 2000లో శరణాలయాల లాంటి సంస్థల్లో పెరుగుతున్న 136 మంది శిశువులతో ఒక అధ్యయనం మొదలైంది. సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి, మిగతావాళ్లను అప్పటిలాగే సంస్థల్లో ఉంచి పోల్చి చూశారు. అది సరైనదేనా అని ఇప్పటికీ అడుగుతారు, అడగాలి కూడా. కానీ ఒక నియమం పెట్టుకున్నారు. సంస్థలో ఉన్న ఏ బిడ్డకైనా బయట కుటుంబం దొరికితే అధ్యయనం కోసం ఆపరు. బిడ్డ వెళ్లిపోతే వాళ్ల లెక్కలు పలచబడతాయి. అయినా పంపారు. ఆ ఫలితాలు శరణాలయాల పెంపకం గురించి ప్రపంచమంతా ఆలోచించేలా చేశాయి.

మీ ప్రాజెక్టు అయ్యాక చేయాల్సింది ఒకటి మిగిలింది. డిగ్రీ వచ్చాక మనం ఆ బడికి మళ్లీ వెళ్లం. తమ పిల్లలు రాసిన జవాబుల నుంచి ఏం తెలిసిందో ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలుగులో ఒక్క పేజీ రాయండి. ఎవరి పేరూ, ఏ తరగతి మార్కులూ లేకుండా, ఏం అడిగారో, మొత్తం మీద ఏం కనిపించిందో, బడి ఏం చేయవచ్చో రాయండి. తల్లిదండ్రుల సమావేశం రోజున వెళ్లి చదివి వినిపించండి. ఆ తేదీ ఇప్పుడే, అనుమతి అడిగేటప్పుడే హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడి పెట్టుకోండి. రానుపోను బస్సు చార్జీ కూడా ప్రాజెక్టు ఖర్చుల్లో రాసుకోండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. చీటీల మీద రాసినవి ముందు తీసుకుంటాను.